ఎడమ నుంచి కుడికి

ముజఫ్ఫర్ అలీ పొద్దున తొమ్మిదింటికి బేకరీలో వేడి రొట్టెలు కట్టించుకుని ఇంటిదారి పట్టాడు. డ్యూటీ మధ్యాహ్నం రెండింటికి కాబట్టి పొద్దుటి పూటంతా ఆయనకు తీరికే. రొట్టెలు తేవడం, కొత్తిమీర తేవడం, తెచ్చిన కొత్తిమీరలో సగం వాడిపోయిందని భార్య చేత అనిపించుకోవడం ఆయన రోజువారీ పని. ఖతర్‌లోని అల్ తుమామాలో ఒక పెద్ద విల్లాను నాలుగు ముక్కలు చేసి అద్దెకిచ్చారు. అందులో వెనకభాగం వాళ్ళది. రెండు గదులు, వంటిల్లు, వెనకాల ఒకప్పుడు డ్రైవర్ ఉండి ఖాళీ చేసిన రేకుల గది.

సందు మొదట్లోకి రాగానే ఆ చప్పుడు వినిపించింది. సన్నగా మొదలై, పళ్ళు జివ్వుమనేలా పైకి లేచి, చెక్క తగలగానే గొంతు మార్చుకునే చప్పుడు. ఆయన కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. పన్నెండేళ్ళుగా ఆ చప్పుడును ఆయన నిద్రలో వింటున్నాడు. మాల్‌లో చేతులు ఆరబెట్టుకునే మెషీన్ మోగితే తడిచేతులతోనే బయటికి వచ్చేస్తాడు. ఇంట్లో మిక్సీ ఆయన డ్యూటీకి పోయాకే తిరుగుతుంది. ఇవన్నీ పాతవే. మూడు వారాల నుంచి మాత్రం పట్టపగలు, ఎండలో, కళ్ళు తెరుచుకుని నడుస్తుండగా కూడా వినిపిస్తోంది.

రొట్టెల పొట్లాన్ని గుండెకు ఆనించుకుని పది అడుగులు వేశాడు. చప్పుడు ఆగిపోయింది. ఎప్పుడూ ఇంతే. ఆయన గేటు చేరేలోపు, ఎవరో ఆయన రాకను కనిపెట్టి ఆపేసినట్టు ఆగిపోతుంది. ఏసీ డబ్బాల హోరు తప్ప సందులో ఇంకేమీ లేదు.

"తహెరా, మళ్ళ ఇనవడ్డది" అన్నాడు ఇంట్లోకి వస్తూనే.

తహెరున్నీసా పొయ్యి మీంచి తల తిప్పలేదు. "ఏం ఇనవడ్డది?"

"అదే సప్పుడు. మెషీన్ సప్పుడు. నీకు ఇనవడలేదా?"

"నాకేం ఇనవడలే. మీ మనసుల ఉన్న సప్పుడు నా చెవులకు ఎట్ల వస్తది? పొద్దున గోలీ ఏసుకున్నరా?"

"బీపీ గోలీకి సప్పుడుకు ఏం సంబంధం?"

"నాకేం తెలుసు. కూసోన్రి, చాయ్ చల్లారుతది."

కూతురు తూబా లోపలి నుంచి వచ్చి సలాం చెప్పి ఎదురుగా కూర్చుంది. ఇరవై మూడేళ్ళ పిల్ల. డిజైన్ కోర్సు పూర్తిచేసి, ఖురాన్ పెట్టుకుని చదివే రెహళ్ళు తయారుచేసి అమ్ముతోంది. చెక్కలు బయట కోయించి తెస్తానని, తాను రంగులు, పాలిష్ మాత్రమే చేస్తానని తండ్రికి చెప్పింది. రంజాన్ దగ్గరపడుతోంది, ఆర్డర్లు బాగానే వస్తున్నాయి. ఆమె రొట్టె తుంచుతుంటే ముజఫ్ఫర్ ఆ చేతుల్నే చూశాడు. ఒకటి, రెండు, మూడు. కుడిచేతివి అయిదు, ఎడమచేతివి అయిదు. ఇంట్లో ఎవరు తిండికి కూర్చున్నా ఆయన ముందు వాళ్ళ వేళ్ళు లెక్కపెడతాడు. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ అనరు.

తూబా చేతుల్ని ఒళ్ళోకి లాక్కుంది.

"చెవుల డాక్టర్ దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకున్న. బేస్తవారం రమ్మన్నడు" అన్నాడాయన చాయ్ కప్పు వైపు చూస్తూ.

తల్లీకూతుళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చెప్పేద్దామా అన్నట్టు తూబా కళ్ళెత్తింది. వద్దన్నట్టు తహెరున్నీసా రొట్టెలు సర్దింది. మంచికి చేస్తున్నామనుకుని మనుషులు చేసే పనుల్లో ఇంతకంటే క్రూరమైనవి తక్కువ. అలా నిజం దాచే పనిని పన్నెండేళ్ళుగా చేస్తున్నవాడు ఇంకొకడు అదే గదిలో కూర్చుని చాయ్ తాగుతున్నాడు.

ముజఫ్ఫర్ అలీ ఇప్పుడు ఒక ఆసుపత్రి స్టోర్‌లో పనిచేస్తున్నాడు. పన్నెండేళ్ళ కిందట మాత్రం ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక చెక్కపని షెడ్డుకు ఫోర్‌మ్యాన్. కోరుట్ల నుంచి వచ్చిన వడ్రంగి ఫోర్‌మ్యాన్ అయ్యాడంటే ఊళ్ళో పెద్ద పేరు. ఆ పేరుతోనే తమ్ముడు గయాజ్‌కు వీసా తీయించి అదే షెడ్డులో పెట్టుకున్నాడు. ఒక విల్లాకు తలుపుల అంచుపట్టీలు రెండు రోజుల్లో కావాలన్నారు. చేత్తో మెషీన్ నడిపిస్తే రెండు రోజుల్లో అయ్యే పని కాదు. పాత తలుపుకు నడిమధ్య రంధ్రం కోసి, చెక్క అంచులు తీసే రౌటర్ మెషీన్‌ను తలకిందులుగా కింద బిగించి, ముజఫ్ఫర్ తన బుర్రతో తానే ఒక బల్ల తయారుచేశాడు. ఆ బల్ల మీద గయాజ్ ఎడమచేతి వేళ్ళు మూడు పోయాయి, తర్వాత ముజఫ్ఫర్ ఫోర్‌మ్యాన్ నౌకరీ కూడా పోయింది.

ఆ రోజు పొద్దున్నే గయాజ్‌కు ఇంటి నుంచి ఫోన్ వచ్చింది, కూతురు పుట్టిందని. షెడ్డులో అందరికీ ఖజూరాలు పంచాడు. సాయంత్రం సేఫ్టీ ఆఫీసర్ వచ్చి ఎట్లా జరిగిందని అడిగినప్పుడు ముజఫ్ఫర్ నోటికి ఆ కబురే దొరికింది. బిడ్డ పుట్టిందని తెలిసి పరధ్యానంలో ఉన్నాడు సార్ అన్నాడు. ఆసుపత్రిలో గయాజ్ మత్తు నుంచి లేచాక అతనికీ అదే చెప్పాడు. గయాజ్ నమ్మాడు. అన్న చెప్పింది నమ్మకపోవడం అతనికి అలవాటు లేదు.

మాట కోరుట్ల చేరేసరికి వేషం మార్చుకుంది. పిల్ల కాలు పెట్టింది, తండ్రి వేళ్ళు పోయాయి అన్నారు. ఆ పిల్లకు అల్ఫియా అని పేరు పెట్టారు. ఇప్పుడు ఏడో తరగతి. ముజఫ్ఫర్ ఎప్పుడు ఊరికి పోయినా ఆ పిల్లకు అందరికంటే పెద్ద బొమ్మ, అందరికంటే మంచి బట్టలు తీసుకుపోతాడు. బడే అబ్బాకు నేనంటే ఎంత ప్రేమో అని ఆ పిల్ల మురిసిపోతుంది. అది ప్రేమ ఒక్కటే కాదని ఆయనకు తెలుసు. గయాజ్ ప్రతి శుక్రవారం ఫోన్లో మాట్లాడతాడు, అప్పుడప్పుడు అంటాడు: "నా పరాకు వల్ల కంపెనీల నీకు మాట వచ్చింది భయ్యా. మాఫ్ చెయ్యి." ఆ మాట వచ్చిన శుక్రవారం ముజఫ్ఫర్‌కు అన్నం సహించదు. నిజం చెబితే తమ్ముడు దక్కడు, చెప్పకపోతే తనకు నిద్ర దక్కదు. పన్నెండేళ్ళుగా ఆయన తమ్ముణ్ణే ఎంచుకుంటున్నానని తనకు తాను చెప్పుకుంటున్నాడు.

మరునాడు పొద్దున మామూలుగానే బయలుదేరాడు. బేకరీ దగ్గర వరుస పెద్దగా ఉంది. రొట్టెలు లేకుండానే వెనక్కి తిరిగాడు. సందు ముందువైపు నుంచి వస్తే వంటింటి కిటికీ కనబడుతుంది. ఆ రోజు ఎందుకో ఆయన వెనక సందులోంచి వచ్చాడు. చప్పుడు వినిపించింది. ఈసారి ఆగలేదు. దగ్గరికి వచ్చిన కొద్దీ పెద్దదైంది. గోడ మీద చెయ్యి పెడితే గోడ కూడా సన్నగా వణుకుతోంది. మనసులో చప్పుడుకు గోడ వణకదు.

రేకుల గది తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపల తూబా.

ఆయన పిలవలేదు. తిరుగుతున్న మెషీన్ ముందున్న మనిషిని వెనక నుంచి పిలవకూడదని ఎందరికో నేర్పినవాడు. గడప బయట నిలబడి, రెండు చేతులతో తలుపు చట్రాన్ని పట్టుకుని, కూతురు చేతిలోని చెక్కముక్క బల్ల మీద నెమ్మదిగా జరగడం చూశాడు. ముక్క అవతలి కొసకు వచ్చింది. తూబా మోకాలితో ఎర్ర స్విచ్‌ను నొక్కింది. చెక్కను కోసే బిట్ ఇంకా కాసేపు తిరిగి, మూలిగి, ఆగింది.

"తూబా" అన్నాడప్పుడు.

ఆమె చెవుల మీది కప్పులు తీసి తిరిగి చూసింది. "అబ్బా..."

"ఎన్ని రోజులైంది?"

"మీరు రొట్టెలకు..."

"ఎన్ని రోజులైంది అని అడిగిన."

"నెల."

ఆయన బల్ల చుట్టూ చూశాడు. చూడకూడదనుకుంటూనే చూశాడు. నడుమెత్తు బల్ల. రెండు ప్లైవుడ్ పలకలు అతికించి చేసిన మందమైన పైభాగం, దాని మీద నున్నటి తెల్ల లామినేట్. మధ్యలో మెషీన్‌ను మోసే దళసరి ప్లేటు, వేలితో తడిమితే అంచు తగలనంత సమంగా కూర్చుంది. బిట్ వెనక నిటారుగా అడ్డచెక్క, దాన్ని ముందుకూ వెనక్కూ జరిపి బిగించుకోవడానికి రెండు మరలు. బిట్ మీద గాజులాంటి ప్లాస్టిక్ కప్పు. వెనక నుంచి పొట్టును లాగేసే గొట్టం. కూతురు జుట్టు టోపీలో దోపుకుంది, దుపట్టా లేదు, చేతులు మోచేతుల దాకా మడిచి ఉన్నాయి, కళ్ళకు అద్దాలు. ఇంత బల్ల తాను చేయలేడు. ఆ గర్వం ఆయన గుండెలో ఒక్క క్షణం మెరిసి వెంటనే భయమైపోయింది.

వంటింట్లోంచి తహెరున్నీసా ఫోన్ చేత్తో పట్టుకుని పరుగున వచ్చింది. ఆ ఫోన్ చూడగానే ఆయనకు అంతా అర్థమైంది. కిటికీలోంచి ఆయన కనబడగానే ఆమె మిస్డ్ కాల్ ఇస్తుంది, జేబులో ఫోన్ అదరగానే కూతురు మెషీన్ ఆపుతుంది.

"నువ్వు గూడనా?" అన్నాడు.

"నేను చెప్తనే ఉన్న పిల్లకు, ఇయ్యాల కాకపోతే రేపు..."

"మూడు వారాల సంది నా తలకాయ చెడిపోయిందనుకున్న తహెరా. నడుచుకుంట పోయేటోన్ని నిలబడిపోతున్న. సిగ్నల్ కాడ నిలబడిపోయిన ఒకనాడు, వెనక బండ్లు హారన్ కొడ్తున్నయ్. నిన్న నువ్వే అన్నవు, నా మనసుల సప్పుడని."

తహెరున్నీసా ఫోన్‌ను కొంగు చాటుకు తీసుకుంది.

"తల్లీబిడ్డలు కలిసి నన్ను పిచ్చోన్ని చేసిన్రు."

"చెప్తే చెయ్యనిస్తుండెనా మీరు?" అంది తహెరున్నీసా, ఏడుపు గొంతులో కోపం తెచ్చుకుని. "మిక్సీ ఎయ్యనియ్యరు. ఇంట్ల ఒక మేకు కొట్టనియ్యరు. పిల్లకు చేతిల పని ఉన్నది, మీ చేతి పనే వచ్చింది. దాన్ని ఎక్కడ పెట్టుకోవాలె? అల్ వక్రాల ఎవరో ఊరికి పోతుంటే మెషీన్ కొనుక్కున్నది. నాకు చెప్పింది. నేను ఊకున్న. తప్పే. కాని మీరు బతకనిస్తలేరు."

ఆయన వంగి ప్లగ్ లాగేశాడు. వైరును చేతికి చుట్టుకోసాగాడు. "ఇయ్యాల్నే పారేస్త దీన్ని. ఇంక బల్ల లేదు, మెషీన్ లేదు."

తూబా బల్లకు అడ్డంగా నిలబడింది. చిన్నప్పటి నుంచి తండ్రికి ఎదురు చెప్పిన పిల్ల కాదు. అయినా జరగలేదు. "చాచాకు అయ్యిందని నాకు కావాల్నా అబ్బా? చాచా పరాకున ఉన్నడు. అల్ఫియా పుట్టిందని ఫోన్ వచ్చింది, మనసు అక్కడ పెట్టి చెయ్యి ఇక్కడ పెట్టిండు. మీరే కద చెప్పిన్రు. నేను గట్ల చెయ్య. మెషీన్ నడిచేటప్పుడు ఫోన్ ఎత్త. బిస్మిల్లా అనుకుంట మొదలు పెడ్త. సోయి ఉంటే మెషీన్ ఏం చేస్తది?"

ముజఫ్ఫర్ చేతిలో వైరు ఆగిపోయింది. ఒకనాడు సేఫ్టీ ఆఫీసర్ ముందు తన నోట్లోంచి వచ్చిన మాట ఇప్పుడు కూతురు నోట్లోంచి వస్తోంది. ఆమె దాన్ని పాఠంగా నేర్చుకుంది. పరధ్యానం లేకపోతే చాలు వేళ్ళు ఉంటాయనుకుంటోంది. ఆ నమ్మకంతో రోజూ ఈ బల్ల ముందు నిలబడుతోంది.

"సోయి ఉన్నా చేస్తది" అన్నాడు నెమ్మదిగా.

బల్ల మీది ముక్కను తీసుకున్నాడు. రెహల్ కాలు. "ఇది బెత్తెడు గూడ లేదు. ఎట్ల నెట్టినవు?"

"చేతులతోని."

"బిట్‌కు నీ వేలికి నడుమ రెండించులు లేకుండె. నేను చూసిన."

"జాగ్రత్తగ నెట్టిన."

"జాగ్రత్త అంటే నీ వేలు అక్కడ లేకపోవుడు. పొడుగు పట్టీ మీద అంచు తీసి తర్వాత ముక్క కొయ్యాలె. లేకుంటే పైన పట్టుకునే చెక్క ఒకటి చేసుకోవాలె, తెగితే అది తెగుతది. సోయి నిమిషంల పోతది బిడ్డా. తుమ్ము వస్తే పోతది. మనిషికి సోయి లేని నిమిషంల గూడ వేలు మిగలాలె, గట్ల చెయ్యాలె బల్ల."

తూబా తలదించుకుని వింది. పారేస్తానన్న మనిషి పని నేర్పుతున్నాడని తహెరున్నీసాకు తెలిసింది గాని ఆమె బయటపడలేదు. ఆయన బల్లను చేత్తో నిమురుతూ అడ్డచెక్క దాకా వచ్చాడు. అక్కడ ఎర్ర రంగుతో ఒక బాణం గీసి ఉంది. అరచెయ్యంత వెడల్పు, కుడి నుంచి ఎడమకు.

"ఇదెవరు గీసిన్రు?"

"నేనే."

"ఎందుకు?"

"మరిచిపోకుండ. మెషీన్ చేత్తో పట్టుకున్నప్పుడు ఎడమ నుంచి కుడికి పోతం కద. దాన్ని తిరగేసి బల్ల కింద బిగిస్తే బిట్ తిరుగుడు గూడ ఉల్టా అయితది. అందుకే ముక్కను కుడి నుంచి ఎడమకు నెట్టాలె. అలవాటు కొద్దీ అటు నుంచి నెడ్తే బిట్ ముక్కను గుంజుకుంటది, ముక్క ఎంబడి చెయ్యి పోతది." ఆమె ఆగి తండ్రి మొహంలోకి చూసింది. "బల్ల చేసుకునేటోళ్ళకు మొదటి పాఠం ఇదే అబ్బా. మీకు తెలిసే ఉంటది."

ముజఫ్ఫర్ అలీ చెక్కల దొంతి మీద కూర్చున్నాడు.

"తెల్వకుండె" అన్నాడు.

తల్లీకూతుళ్ళకు ముందు అర్థం కాలేదు.

"నాకు ఇరవై ఏండ్లు చెయ్యి మెషీన్ అలవాటు. బల్ల కింద పెట్టుడు అదే మొదటిసారి. తిరగేస్తే ఉల్టా అయితదని నా బుర్రకు తట్టలే. గయాజ్ అడిగిండు. ఎటు నుంచి నెట్టాలె భయ్యా అని అడిగిండు. నేను పట్టీలు లెక్క పెట్టుకుంట, తల గూడ ఎత్తకుండ చెప్పిన. ఎప్పటి లెక్కనే, ఎడమ నుంచి కుడికి అని."

తూబా ఎర్ర బాణం వైపు చూసింది.

"వాడు పరాకున లేడు. నేను చూస్తనే ఉన్న. కండ్లు పట్టీ మీదనే ఉన్నయ్. నేను చెప్పినట్టే నెట్టిండు. పట్టీ చేతిలకెళ్ళి ఎగిరిపోయింది, ఎనక నుంచి నెడుతున్న ఎడమచెయ్యి ముందుకు పడ్డది."

"అబ్బా" అంది తూబా.

"తప్పు ఏందో గప్పుడు నాకు గూడ తెల్వదు. అల్లా మీద ఒట్టు. పర్మిషన్ లేకుండ బల్ల నేను చేసిన, తెలిస్తే పంపిచ్చేస్తరని భయమై పరాకు అని చెప్పిన. ఎనిమిదో రోజు షెడ్డుల ఎవరూ లేని టైముల ఒక చెక్కముక్క తీసుకుని ఎడమ నుంచి నెట్టి చూసిన. ముక్క పోయి గోడకు తాకింది. కుడి నుంచి నెట్టిన. వెన్న లెక్క పోయింది. గప్పుడు తెలిసింది. బల్లను గొడ్డలి పెట్టి పగలగొట్టిన. గయాజ్ అప్పటికి ఆసుపత్రిల్నే ఉన్నడు. పోయి చెప్పొచ్చు. పోయిన గూడ. నారింజ పండ్లు ఒలిచి పెట్టి వచ్చిన."

తహెరున్నీసా గడప మీద కూలబడింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నేను సబ్రీన్‌ను అన్న" అంది. సబ్రీన్ గయాజ్ భార్య. "నీ మొగడు జర సోయిల ఉంటే మా ఆయనకు ఫోర్‌మ్యాన్ నౌకరి పోకపోతుండె అని. పెండ్లిల పదిమంది ముందట అన్న. అది ఒక్క మాట మాట్లాడలే."

తూబా ఏడవలేదు. తండ్రి వైపు చూసిన చూపులో ప్రేమ ఎక్కడుందో వెతుక్కోవలసి వచ్చింది. "మేము మూడు వారాలు దాసినందుకు మీరు అంత తండ్లాడిన్రు" అంది. "మీకేమో అయ్యిందని మీకే అనిపించింది. చాచాకు పన్నెండేండ్లు, అబ్బా. అల్ఫియాకైతే పుట్టినప్పటి సంది. మొన్న దానికి మార్కులు మంచిగ వచ్చినయని ఫోన్ చేస్తే ఏమన్నదో తెలుసా? అబ్బా చెయ్యి తిన్న దాన్ని, మార్కులన్న తేవాలె కద ఆపా అన్నది. నవ్వుకుంట అన్నది."

ఆయన రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. యాభై నాలుగేళ్ళ మనిషి వెక్కిళ్ళు పెట్టి ఏడ్చాడు. తహెరున్నీసా లేచి పక్కన కూర్చుంది, వీపు మీద చెయ్యి వేసింది. కోపం ఉంది, చెయ్యి కూడా ఉంది.

"శుక్రవారం చెప్త" అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ. "జుమా చదువుకొని ఫోన్ చేస్త కద, గప్పుడు చెప్త."

"శుక్రవారం దాకా ఎందుకు?" అంది తూబా.

ఇన్నేళ్ళలో ఎన్నో శుక్రవారాలు వచ్చిపోయాయి.

ఆయనే ఫోన్ తీశాడు. కోరుట్లలో అప్పటికి పన్నెండు దాటింది. గయాజ్ ఫోన్ల రీచార్జి దుకాణం ఇంటి ముందు గదిలోనే.

"సలాం భయ్యా. ఏంది ఈ టైముకు? అందరు మంచిగున్నరా?"

"మంచిగున్నం. గయాజ్, ఒక మాట చెప్పాలె. మధ్యల ఆపకు. ఆపితే మళ్ళ చెప్పలేను."

చెప్పాడు. ఎడమ నుంచి కుడికి అన్నది చెప్పాడు. సేఫ్టీ ఆఫీసర్‌కు ఏం చెప్పాడో, ఎనిమిదో రోజు ఏం చూశాడో, నారింజ పండ్లు ఒలిచి పెట్టి ఏం చెప్పకుండా వచ్చాడో చెప్పాడు. అవతల ఎవరో రీచార్జి చెయ్యమని వచ్చారు. కాసేపాగి రమ్మని గయాజ్ అతణ్ణి పంపేయడం వినిపించింది. తర్వాత దుకాణం తలుపు మూసిన చప్పుడు వినిపించింది.

"గయాజ్?"

"ఉన్న. నేను అడిగిన్నా నిన్ను? ఎటు నుంచి అని?"

"అడిగినవు."

"నాకు యాదికున్నది అడిగినట్టు. మత్తుల వచ్చిన కల అనుకున్న. ఇన్నేండ్ల సంది ఆ పొద్దు యాది చేసుకుంట, నా మనసు ఎక్కడికి పోయిందని దేవులాడుకుంటున్న. దొరకకపోతుండె. ఎందుకంటే పోలేదు. గంతేనా?"

"పోలేదు. నీ కండ్లు పట్టీ మీదనే ఉండె."

"మరి అల్ఫియా పేరు ఎందుకు తీసినవు భయ్యా?" అన్నాడు గయాజ్. అరవలేదు. అరిస్తే బాగుండుననిపించింది ముజఫ్ఫర్‌కు. "నా పేరు పెడితే పెట్టినవు. దాని పేరు ఎందుకు తీసినవు? ఒక్క పొద్దు పిల్ల అది."

"నాకు ఆ టైముల దొరికింది అదే. నాకు మాఫీ అడిగే మొహం లేదు."

"మాఫీ సంగతి తర్వాత. నాకు కోపమొస్తున్నదో ఏడుపొస్తున్నదో తెలుస్తలేదు. నీతోని ఎట్ల మాట్లాడాల్నో రేపు ఆలోచిస్త. ఇప్పుడు ఒక పని చెయ్యి. నాకు చెప్పిన మాట దానికి చెప్పు. నేను చెప్తే నా బుజ్జగింపు అనుకుంటది. ఇస్కూలుకు ఇయ్యాల సెలవు, ఇంట్లనే ఉన్నది." ఫోన్ పక్కకు జరిగింది. "అల్ఫియా, ఇటు రా బిడ్డా."

చెప్పుల చప్పుడు దగ్గరికి వచ్చింది. "అస్సలాము అలైకుమ్ బడే అబ్బా."

"వాలైకుమ్ సలాం బిడ్డా." తూబా మంచినీళ్ళు అందించింది. గుటక వేసి, వడ్రంగి పని తెలియని పన్నెండేళ్ళ పిల్లకు అర్థమయ్యే మాటలు వెతుక్కుని చెప్పాడు. "మీ అబ్బా చెయ్యి తెగింది నేను తప్పు చెప్పినందుకు. మెషీన్ బల్ల నేను చేసిన. ఎటు నుంచి నెట్టాల్నో తప్పు చెప్పిన. మీ అబ్బా నా మాట ఇన్నడు, గంతే. తప్పు నాదని తెలిస్తే పంపిస్తరని అబద్ధం చెప్పిన."



"అయితే నేను పుట్టినందుకు కాదా?"

"కాదు బిడ్డా. నువ్వు పుట్టినవని మీ అబ్బా అందరికీ ఖజూరాలు పంచిండు. ఆ పొద్దు జరిగిన మంచి పని అదొక్కటే."

అవతల సబ్రీన్ ఏడుస్తున్నట్టుంది. ఇవతల తహెరున్నీసా, సబ్రీన్‌తో నేను మాట్లాడాలె, ఫోన్ పెట్టెయ్యొద్దన్రి అని సైగ చేస్తోంది. అల్ఫియా మాత్రం ఏడవలేదు.

"బడే అబ్బా, దాదీకి గూడ మీరే చెప్తరా? నేను చెప్తే నమ్మది. పండుగలకు కొత్త బట్టలు ముందు నన్ను ముట్టనియ్యది దాదీ."

దాదీ అంటే ముజఫ్ఫర్ తల్లి. పెద్దకొడుకు మాటంటే ఆమెకు రాసిపెట్టిన మాట. ఆ మాట పట్టుకునే ఆమె మనవరాలిని పన్నెండేళ్ళు దూరం పెట్టింది. తమ్ముడికి చెప్పడం కష్టమనుకున్నాడు, పిల్లకు చెప్పడం అంతకంటే కష్టమనుకున్నాడు. తల్లి దగ్గర తాను ఇంకా తప్పు చేయని కొడుకు. అదొక్కటి మిగిలింది.

"పిలు బిడ్డా" అన్నాడు.

ఫోన్ గదులు దాటింది. మంచం కిర్రుమంది. ముసలామె ఎవరు, ఎక్కడి నుంచి అని అడుగుతుంటే అల్ఫియా దుబాయ్ నుంచి బడే అబ్బా అని చెవిలో చెబుతోంది. ఆ ఇంట్లో ఖతర్‌ను కూడా దుబాయ్ అనే అంటారు.

"ముజఫ్ఫర్, ఏంది బేటా?"

"అమ్మీ. గయాజ్ చెయ్యి తెగింది అల్ఫియా పుట్టినందుకు కాదు. నా వల్ల తెగింది."

"ఆఁ? ఏమంటున్నవు? ఇనవడ్తలేదు."

ఫోన్‌కు దగ్గరగా అల్ఫియా గొంతు వచ్చింది. "స్పీకర్ పెట్టిన బడే అబ్బా. జర గట్టిగ చెప్పున్రి. దాదీకి తక్కువ ఇనవడ్తది."

ముజఫ్ఫర్ అలీ చెక్కల దొంతి మీంచి లేచి నిలబడ్డాడు. విల్లాలో మిగతా మూడు ఇళ్ళవాళ్ళకూ వినబడుతుందని తెలిసే, గొంతెత్తి మళ్ళీ మొదటి నుంచి చెప్పాడు.